కరివేపాకు మొక్కకు కారు గొట్టం

ముందు ఒట్టు పెట్టుకోనివ్వండి. నా పేరు నరసింహులు. ఏ అహోబిలం స్వామి పేరు నాకు పెట్టారో, ఆ స్వామి మీద ఒట్టు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో ఒక్క మాట కూడా కల్పన కాదు. ఆళ్లగడ్డలో నన్నెరిగినవాళ్లు ఇది చదివి ముసిముసిగా నవ్వుకుంటారని నాకు తెలుసు. కుందూ నదిలో మొసలి వీపు మీద కూర్చుని బీడీ తాగానని చెప్పింది నేనే. కాదనను. కానీ ఆ కథకు నేను ఒట్టు పెట్టలేదు. దీనికి పెడుతున్నాను. తేడా గమనించండి.

ఇది ఒక విలాయతి కారును ఐదు నెలలు చావనీయకుండా, బతకనీయకుండా నేను పెట్టిన హింస గురించి. చివరికి ఒక బాలింతనూ, నెల బిడ్డనూ, చెవిటి ముసలమ్మనూ నడిదారిలో వానపాలు చేసిన వైనం గురించి. పిరికి గుండెలవాళ్లు ఇక్కడితో ఆపేయవచ్చు.

మా ఓబులప్పకు ఆళ్లగడ్డలో శనగ చేలు, వరి మళ్లు దండిగా ఉండేవి. మాట తక్కువ, మీసం ఎక్కువ. మా నాయన ఆయన దగ్గర ఎద్దులు తోలేవాడు. నేనూ ఎద్దుల వెనకే పెరిగాను. యాభై ఆరులో రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోతున్నప్పుడు, ఎవరో ఆఫీసరు తన పాత కారును అడిగినంతకు అమ్మేసి పోతూంటే ఓబులప్ప కొన్నాడు. కొన్నాక తెలిసింది, దాన్ని నడపడానికి మనిషి కావాలని. నన్ను నంద్యాలకు పంపి లారీవాళ్ల దగ్గర నాలుగు నెలలు డ్రైవింగు నేర్పించాడు. లైసెన్సు చేతికి వచ్చిన రోజున నా తల ఆళ్లగడ్డ మీద ఎక్కడో మబ్బుల్లో ఉండేది. ఇంజను గురించి నాకు తెలిసిందల్లా అది ముందువైపు ఉంటుందని. కానీ ఊళ్లో నన్ను ఇంజినీరు అనేవాళ్లు. నేను కాదనేవాణ్ని కాదు.

ఓబులప్పకు ఒక్కతే కూతురు, సుభద్రమ్మ. నాకన్నా రెండేళ్లు చిన్నది. తల్లి చిన్నప్పుడే పోయింది. ఓబులప్ప తల్లి, మేమంతా అవ్వ అని పిలిచే ముసలమ్మ, పెంచింది. నేనిప్పుడు రాస్తున్న ఈ నాలుగు అక్షరాలూ సుభద్రమ్మ వాళ్ల అరుగు మీద కూర్చోబెట్టి నేర్పినవే. తప్పు రాస్తే నా చేతిలోని బలపం లాక్కునేది. అప్పట్నుంచే నన్ను అన్నా అనేది, జీతగాడి కొడుకును అలా పిలవొద్దని ఇంట్లో ఎవరైనా చెబితే వినిపించుకునేది కాదు.

పెళ్లై నంద్యాలకు పోయిన సుభద్రమ్మ, కడుపుతో ఉండి ఐదో నెలలో పుట్టింటికి వచ్చి పది రోజులుంది. పోయే ముందు పెరట్లో ఒక కరివేపాకు మొక్క నాటింది. ఆ పెరట్లో అంతకుముందు మూడు కరివేపాకు మొక్కలు చచ్చాయి. ప్రతి తిరగమోతకూ అవ్వ పక్కింటికి పోయి రెండు రెబ్బలు అడగాల్సి వచ్చేది. పక్కింటావిడ రెండు రెబ్బలూ, వాటితోపాటు పది మాటలూ ఇచ్చి పంపేది. అవ్వకు చెవుడు కాబట్టి బతికిపోయింది.

"అన్నా, నేను మళ్లా వచ్చేలోపల ఇది సావకూడదు," అంది సుభద్రమ్మ కారెక్కుతూ.

"సావనిస్తానా, సుబద్రమ్మా. నా ప్రాణం అడ్డమేస్తా."

"నీ ప్రాణం ఎవురికి కావాల. దినామూ చెంబెడు నీళ్లు పోయి, సాలు."

పోశాను. నాలుగు రోజులు. ఐదో రోజు మర్చిపోయాను, ఆరో రోజు గుర్తొచ్చింది కానీ నిద్రొచ్చింది. అలా వారం దాటాక ఒక పొద్దున చూస్తే మొక్క తల వాల్చేసి, పరీక్ష తప్పిన పిల్లాడిలా నిలబడి ఉంది. మొక్కకు మనిషి అక్కర్లేకుండా నీళ్లు తాగే ఏర్పాటు చేయాలి. కడవ నిండా నీళ్లు బండ మీద పెట్టి, ఒక సన్నని గొట్టం అందులో ముంచి, నోటితో ఒకసారి పీల్చి వదిలితే బొట్టు బొట్టుగా పడుతూనే ఉంటుంది. లారీ పెట్రోలు తీసినట్టే. కానీ గొట్టం ఏది?

ఇక్కడ మా సీమ సంగతి ఒకటి చెప్పాలి. కారు ముందు అద్దం మీద వాన నీళ్లు తుడిచే పుల్ల ఉంటుంది కదా, వైపరు. కారు వచ్చిన కొత్తలో ఓబులప్ప దాన్ని వేలితో చూపించి అడిగాడు.

"ఇదేందిరా?"

"వానొస్తే అద్దం తుడుస్తాదప్పా."

ఓబులప్ప ఆకాశం వైపు చూశాడు. అప్పటికి మూడేళ్లుగా సరైన వాన లేదు. "ఎవుడో మనల్ని ఎగతాళి చేసేకి పెట్టినాడు. పీకెయ్," అన్నాడు.

పీకేశాను. ఆ పుల్ల ఆయన అనుమతితో పోయింది. ఇక అద్దం కింద నుంచి బయల్దేరి ఇంజను దాకా పోయే నల్ల రబ్బరు గొట్టం ఒకటి మిగిలింది. చిటికెన వేలంత లావు, రెండు మూరల పొడవు. అద్దం మీది వాన నీళ్లను కిందికి దింపే గొట్టమని నేను తేల్చాను. వానే లేనప్పుడు గొట్టమెందుకు? దాన్ని నా సొంత తెలివితో పీకి, కరివేపాకు మొక్కకు పెట్టాను. మూడో రోజుకు మొక్క తలెత్తింది. పదో రోజుకు రెండు లేత చిగుళ్లు వేసింది. నేను పెరట్లో ఒంటరిగా నిలబడి నా భుజం నేనే తట్టుకున్నాను.

కారుకు జబ్బు చేసింది సరిగ్గా గొట్టం పీకిన రోజు నుంచే. ఈ రెండింటికీ ఏదైనా సంబంధం ఉండవచ్చని మీకు ఇప్పటికే తట్టి ఉంటుంది. నాకు ఐదు నెలలు తట్టలేదు.

జబ్బు ఇదీ. పరిగెత్తేటప్పుడు బండి బంగారం. నిలబెట్టగానే ఇంజను చలిజ్వరమొచ్చిన మనిషిలా వణికేది. డుబుక్కు, డుబుక్కు, డుక్కు అని మూడుసార్లు మూలిగి ఆగిపోయేది. మళ్లీ హ్యాండిల్ పెట్టి తిప్పాలి. తిప్పితే లేచేది, వణికేది, ఆగేది.

"నిలబడితే ఎందుకట్ల వణుకుతాంది?" అన్నాడు ఓబులప్ప.

"చలికప్పా."

"చైత్రంలో చలేందిరా?"

"విలాయతిది కదప్పా. వాళ్లూరు మతికొచ్చినట్లుంది."

ఓబులప్ప మీసం కింద ఏదో అనుకున్నాడు. నాకు వినపడలేదు, అదీ మంచికే.

నేను వైద్యం మొదలుపెట్టాను. ప్లగ్గులు విప్పి గరుకు కాగితంతో ఎంత తోమానంటే అవి వెండి పట్టీల్లా మెరిశాయి. బండి వణికింది. పెట్రోలులో నీళ్లున్నాయేమోనని అవ్వ పాత చీర చెంగులో వడగట్టాను. బండి వణికింది, అవ్వ వారం రోజులు పెట్రోలు వాసన కొట్టింది. కార్బొరేటరు విప్పి దుప్పటి మీద వరసగా పరిచి, అన్నీ తుడిచి మళ్లీ బిగించాను. ఒక మర, ఒక చిన్న స్ప్రింగు మిగిలిపోయాయి.

"ఇవేంది?" అన్నాడు ఓబులప్ప.

"ఎక్కువ పెట్టింటారప్పా కంపెనీవాళ్లు. ముందుజాగ్రత్తకి."

ఆ రాత్రి ఎవరూ చూడకుండా మళ్లీ విప్పి, వాటి చోటు వెతికి బిగించాను. బండి ఎప్పటిలాగే వణికింది. వేగం మర తిప్పి ఇంజను రొద పెంచి చూశాను. అప్పుడు ఆగేది కాదు కానీ, కారు నిలబడి ఉంటే వీధి చివర దాకా విమానం దిగుతున్నట్టు వినిపించేది. ఓబులప్ప ఆ రొదకు ఒక్క పూట కూడా ఒప్పుకోలేదు.

అన్నిటికీ మించి ఇంజను లోపల సుయ్యిమని ఒక బుస. అది ఏ చప్పుడూ వినపడని అవ్వకు ఎలా వినపడిందో నాకిప్పటికీ తెలియదు. ఆమె బానెట్ మీద చెయ్యి పెట్టి తేల్చేసింది. "దీంట్లో పాముండాది."

"ఇంజన్లో పాము యాడ బతుకుతాదవ్వా, కాలిపోదా?"

"ఆఁ, నాకూ అదే అనిపించింది," అంది అవ్వ, నేనేం అన్నానో తెలియకపోయినా. మరునాటి నుంచి పొద్దున్నే కారు ముందు చక్రం దగ్గర ముంతలో పాలు కనపడేవి. రెండు వారాల్లో మా వీధి పిల్లులన్నీ బలిశాయి. బుస తగ్గలేదు.

ఇలా ఉండగా నంద్యాల ఆసుపత్రిలో సుభద్రమ్మకు కాన్పైంది. ఆడపిల్ల. పురిటికి పుట్టింటికే రావాల్సింది కానీ ఏడో నెలలో ప్రయాణం కూడదని డాక్టరమ్మ ఆపేసింది. కాన్పు కష్టమైంది. మూడు రోజులు ఓబులప్ప అన్నం ముట్టలేదు. తల్లీ బిడ్డా బాగున్నారని కబురొచ్చిన రోజున పెరట్లోకి పోయి, బావి గట్టున కూర్చుని, కండువా మొహానికి కప్పుకుని చాలాసేపు ఉన్నాడు. నేను చూడనట్టు నటించాను.

నెల దాటాక పిల్చుకురమ్మన్నారు. బయల్దేరే పొద్దున ఓబులప్ప నన్ను పక్కకు పిలిచాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు. ఆయన అరిచినప్పుడు నాకు భయముండేది కాదు.

"నర్సిమ్ములూ. బిడ్డ సచ్చి బతికింది. కుదపకుండ, దావలో యాడా ఆపకుండ తీసుకరావాల. నడమిట్ల ఒక్కసారి నిలిచిపోయినా, రేపట్నుంచి నువ్వు ఎద్దుల కాడికి పో. ఈ బండి వచ్చినంతకి అమ్మేస్తా."

ఎద్దుల దగ్గరికి పోవడం అవమానమని కాదు. మా నాయన బతుకంతా అక్కడే గడిచింది. కానీ నేను కారు నడుపుతూ వీధిలోకి వస్తే మా నాయన అరుగు దిగి నిలబడేవాడు. ఎద్దుల తాళ్లు చేతిలో పట్టుకుని, కారు మలుపు తిరిగేదాకా అలాగే చూసేవాడు. ఆయన అలా చూడటం ఆగిపోకూడదని నా బాధ.

అవ్వను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని నంద్యాల పోయాను. అల్లుడికి సెలవు దొరకలేదు. సుభద్రమ్మ బిడ్డను పొత్తిగుడ్డల్లో చుట్టుకుని ఎక్కింది. సగమైంది మనిషి. నవ్వు మాత్రం అంతే ఉంది.

"నా కరేపాకు ఎట్లుండాదన్నా?"

"పెళ్లికి పిలిచే ఈడుకొచ్చింది, సుబద్రమ్మా."

బిడ్డ గుణం నంద్యాల దాటకముందే తెలిసింది. ఇంజను రొదకు నిద్రపోతుంది. ఇంజను ఆగితే లేచి ఆకాశం పగిలేలా ఏడుస్తుంది. నిలబడితే ఆగే బండి, ఆగితే ఏడ్చే బిడ్డ. రెంటినీ జోడు కట్టి ఆ దేవుడు నా చేతికిచ్చాడు.

అందుకని నేను ఆగలేదు. నంద్యాల సంతలో ఆగలేదు. ఎదురుగా వడ్ల బండి వస్తే పక్క చేలోకి దిగి చుట్టూ తిరిగి ఎక్కాను. దారిలో తెలిసిన మనిషి చెయ్యెత్తితే, "ఆపలేనన్నా, కులాసానా?" అని అరుస్తూ పోయాను. ఒక ఎద్దు రోడ్డు మధ్య పడుకుంటే దాని చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాను, అది లేచేదాకా. అవ్వ అది గుడి అనుకుని దండం పెట్టింది.

శిరివెళ్ల ఇంకా రెండు మైళ్లుందనగా, ఏళ్ల తరబడి మొహం చాటేసిన వాన వచ్చింది.

చినుకు కాదు. కుండలతో పోసింది. ముందు అద్దం మీద నీళ్లు తెరలా కట్టాయి. తుడిచే పుల్ల ఎక్కడ? మా పశువుల కొట్టంలో చూరుకు చెక్కి ఉంది. కిటికీలోంచి తల బయటికి పెట్టి నడిపాను. కళ్లలోకి వాన, నోట్లోకి వాన. సరిగ్గా అప్పుడే వాన చూసి బెదిరిన గొర్రెల మంద రోడ్డు నిండా కమ్ముకుంది. గొర్రెల చుట్టూ ప్రదక్షిణం చేయడానికి దారి లేదు. బ్రేకు వేశాను.

డుబుక్కు. డుబుక్కు. డుక్కు.

ఒక్క క్షణం వాన చప్పుడు. తర్వాత బిడ్డ.

దిగి హ్యాండిల్ తిప్పాను. లేచింది, వణికింది, ఆగింది. పదిసార్లు తిప్పాను. చేతులు బొబ్బలెక్కాయి. గొర్రెలు ఎప్పుడో పోయాయి. వాన కొంచెం తెరిపిచ్చింది. బురదలో ముందు చక్రం దగ్గర కూర్చుండిపోయాను. మా నాయన అరుగు మీదే ఉండిపోవడం నాకు కనపడింది. నేను ఏడవలేదు, అది వాన నీళ్లు.

అప్పుడు వచ్చాడు మేస్త్రి. గోనెసంచి తల మీద కప్పుకుని, నంద్యాల వైపు నుంచి సైకిలు మీద. నాభి దాకా గడ్డం. మెకానిక్ మేస్త్రులందరికీ గురువులాంటివాడని చూడగానే తెలిసిపోయింది. సైకిలు దిగి బానెట్ ఎత్తి చెవి పెట్టాడు, నాడి చూసే వైద్యుడిలా.

"తిప్పప్పా."

తిప్పాను. వణికింది. సుయ్యిమంది.

"బుస వింటాండావా?"

"పాము అన్నా. పాలు కూడా పోస్తాండాం."

ఆయన నవ్వలేదు. ఇంజను పక్కన నోరు తెరుచుకుని ఉన్న చిన్న ఇనుప మూతి మీద బొటనవేలు పెట్టాడు. నన్ను మళ్లీ తిప్పమన్నాడు. ఇంజను లేచింది. వణకలేదు. పాలు తాగి నిద్రపోయే పిల్లిలా గురగురమంటూ అలాగే ఉండిపోయింది. వేలు తీస్తే వణుకు, బుస. పెడితే హాయి. కారులో బిడ్డ ఏడుపు ఆపింది.

"చిన్న దీపానికి గాలి ఎక్కువైతే ఏమైతాది?" అన్నాడు.

"ఆరిపోతాది."

"పెద్ద మంటకి?"

"ఏం కాదు, ఇంకా మండుతాది."

"అంతే. పరిగెత్తేటప్పుడు లోపల పెద్ద మంట. నిలబడినప్పుడు చిన్న దీపం. ఈ బొక్కలో నుంచి గాలి పీల్చుకుని ఆరిపోతాంది. ఈడ ఏదో ఉండాల కదా, ఏముండె?"

"గొట్టం."

"యాడ పోయింది?"

వాన ఆగినట్టు, లోకమంతా నా జవాబు కోసం చెవి పెట్టినట్టు అనిపించింది. "ఎలకలు కొరికినట్లుండాయి," అన్నాను.

ఆయన పక్కనున్న వేపచెట్టు నుంచి పుల్ల విరిచి, తలగుడ్డ చింపి దానికి చుట్టి, ఆ మూతికి బిగించి కొట్టాడు. సైకిలెక్కి వానలో కలిసిపోయాడు. పేరు కూడా చెప్పలేదు.

ఆళ్లగడ్డలో ఇంటి ముందు కారు నిలబెట్టాను. ఇంజను ఆపలేదు, కావాలనే. గుమ్మంలో దిష్టి తీస్తున్నంతసేపూ అది గురగురమంటూ వణకకుండా నిలబడింది. అరుగు కింద మా నాయన, చేతిలో తాళ్లతో, వానలో తడుస్తూ. ఓబులప్ప మనవరాలిని ఎత్తుకుని, మొహం చూసి, బండి వైపు తిరిగాడు.

"వణకడం లేదే. ఎవురు బాగు చేసినారు?"

నేను నోరు తెరిచేలోగా సుభద్రమ్మ అంది, "సైకిల్ మీద ఎవురో మేస్త్రి వచ్చినాడు నాయనా. నిలబడిన చోటే చిటికెలో చేసిపెట్టినాడు. నర్సిమ్ములన్న గుర్తుపట్టి పిల్సకపోతే ఈ పొద్దు ఆడనే ఉండేటోళ్లం."

"ఎట్లుంటాడు మనిషి?"

సుభద్రమ్మ నా వైపు చూసింది.

"గడ్డముంటాదప్పా," అన్నాను.

ఆమె బిడ్డను తీసుకుని నేరుగా పెరట్లోకి పోయింది. నేను వెనకే పోయాను. కరివేపాకు మొక్క నడుమెత్తు పెరిగింది. దాని మొదట్లో నల్ల రబ్బరు గొట్టం. సుభద్రమ్మ గొట్టాన్ని చూసింది, మొక్కను చూసింది. ఒక లేత రెబ్బ తుంచి బిడ్డ ముక్కు దగ్గర పెట్టింది. బిడ్డ తుమ్మింది.

"నీళ్లు బాగ పోసినావన్నా," అంది.

ఇదీ సంగతి. అప్పుడే ఆ బావి గట్టున చెయ్యి పెట్టి ప్రతిజ్ఞ చేశాను. యంత్రమన్న దేంట్లోంచీ, అది కారు కానీ, గడియారం కానీ, విసుర్రాయి కానీ, ఎందుకుందో నాకు తెలియని ముక్కను ఈ జన్మలో పీకను. వాన రాదని ఆకాశానికి వినపడేలా అనను. ఇంజన్లో పాముందంటే పాలు పోయనివ్వను, పోస్తే నేనే తాగుతాను. ఈ మూడూ ఇంతవరకూ తప్పలేదు.

ఇక ఒట్టు సంగతి. స్వామి పేరు పెట్టుకుని కూర్చున్నాక ఒక ముక్క సరిచేయక తప్పదు.

మేస్త్రి రాలేదు. ఆ దారిలో ఆ పూట గొర్రెలు తప్ప ఎవరూ రాలేదు.

నేను బురదలో కూర్చుని ఉంటే, నిద్రపోతున్న అవ్వ ఒళ్లో బిడ్డను పెట్టి, నెల బాలింత దిగి వచ్చింది. గోనెసంచి కాదు, చీర కొంగు తల మీద కప్పుకుని. "బుస వచ్చేది ఈడనుంచే కదన్నా," అని వేలు పెట్టింది ఆమే. ఏడాది పొడుగునా పొయ్యి ఊదిన మనిషికి చిన్న మంటకు ఎంత గాలి కావాలో తెలియదా. "ఈడ ఏముండె?" అని అడిగింది ఆమే. ఆమెకు నేను ఎలకలని చెప్పలేదు. చెప్పలేకపోయాను. "నీ కరేపాకు కాడుండాది," అన్నాను. ఆమె కారుకు ఆనుకుని, ఒక చేత్తో పొట్ట పట్టుకుని, నవ్వితే నొప్పి పుట్టి, నొప్పికి కళ్ల నీళ్లు కారుతున్నా నవ్వు ఆపలేక, ఆ వానలో చాలాసేపు నిలబడింది. పుల్లకు చుట్టింది తలగుడ్డ కాదు, బిడ్డ పొత్తిగుడ్డ.

"నాయనకి చెప్పొద్దు సుబద్రమ్మా," అన్నాను.

"నేను చెప్తాలే, నువ్వు ఊరుకో," అంది.

ఓబులప్ప ఆ మేస్త్రికి ఇవ్వమని ఒక జత పంచెలు కొని నా చేతికిచ్చాడు. నంద్యాల పోయినప్పుడల్లా గడ్డమున్న ప్రతి మనిషినీ ఆపి అడిగేవాడు. ఆ పంచెలు నా పెళ్లిలో నేను కట్టుకున్నాను.

కాబట్టి నేను కల్పించిన ముక్క ఏదని స్వామి అడిగితే, నిజమే చెబుతాను. మేస్త్రిని పుట్టించింది సుభద్రమ్మ. గడ్డం ఒక్కటే నాది.